గాలీ ధూళీ

మదనపల్లె లారీ స్టాండులో ముద్దుకృష్ణ ఎవరని అడిగితే ఎవరూ చెప్పలేరు. బ్యాటరీ కృష్ణ అంటే మాత్రం ప్రతి డ్రైవరూ చెయ్యెత్తి చూపిస్తాడు. మా హోటలుకు ఎదురుగా, రోడ్డుకు అవతల పక్క, రేకుల కప్పు అంగడి అతనిది. వెనకాల ఒకే గది, ఆ గదిలోనే కాపురం. నేను పొద్దున్నే ఇడ్లీ పాత్ర దించేసరికి అతను బొగ్గుల పొయ్యి రాజేసి దాని మీద ఇనుప బాండలి పెట్టేవాడు. అందులో పాత బ్యాటరీల సీసం కరిగేది. ఆ పొగా నా సాంబారు పొగా కలిసే పైకి పోయేవి. ఏ పొగ ఎవరి ముక్కులోకి పోతోందో చూసుకునే తీరిక మాలో ఎవరికీ లేదు.

నేను మనుషుల్ని ఊరికే పొగిడే రకం కాదు. లారీ స్టాండులో హోటలు నడిపే ఆడదానికి మెత్తదనం పనికిరాదు, స్వర్ణలత నోరు మంచిది కాదని మా వీధిలో అందరికీ తెలుసు. అయినా ముద్దుకృష్ణ విషయంలో నా నోరు కూడా మెత్తబడుతుంది. చేతకాని పని చేతనవుతుందని అతను ఏ డ్రైవరుకూ చెప్పలేదు. పెళ్ళాం మీద గొంతు లేపడం నేను వినలేదు. గొంతు పెంచేది ఒక్కసారే, రోడ్డు మీదికి పరిగెత్తే కూతుర్ని వెనక్కి పిలిచేటప్పుడు.

అతను పుట్టింది సోమల దగ్గర ఒక పల్లెలో. మెట్ట భూమి, వేరుశనగ, ఒక బోరు. తొంభైల మొదట్లో ఆ బోరు గాలి కక్కడం మొదలుపెట్టాక పుంగనూరు వచ్చి ఒక బ్యాటరీ అంగట్లో పని నేర్చుకున్నాడు. కుప్పం పక్కన గుడుపల్లె నుంచి వసంతమ్మను చేసుకున్నాడు. పని చేతికి వచ్చాక, టమోటా లారీలు ఎక్కువ తిరిగే మా ఊరికి వచ్చి సొంతంగా అంగడి పెట్టాడు. సేద్యం చేసేవాళ్ళ ఇంట్లో పుట్టినవాడు కదా, ఏ పనినైనా పంటలాగే చూసేవాడు, ఓపికగా, కాలు కదపకుండా.

ఆ పని ఎలా ఉంటుందో చెప్పాలి. చచ్చిన బ్యాటరీ నల్లపెట్టె మీది తారును ఉలితో చెక్కేస్తారు. లోపలి పలకలు పైకి లాగుతారు. వాటికి పట్టిన పొడిని బ్రష్షుతో దులిపి, పనికొచ్చేవి పక్కన పెట్టి, పనికిరానివి కరిగించి, కొత్త ముక్కలు పోసి అతికిస్తారు. ఆ దులిపిన పొడి బూడిద రంగులో మెత్తగా ఉంటుంది. సాయంత్రం వసంతమ్మ దాన్ని చీపురుతో రోడ్డు మీదికి ఊడ్చేది. లారీలు దాన్ని మళ్ళీ లేపి ఆమె ఇంట్లోకే పంపేవి. కరిగిన సీసం కింద చింది గుండ్రంగా గట్టిపడిన పూసలు ఉంటాయి చూడండి, అవే పాప శ్రుతికి అచ్చనగాయలు. ఒకటి ఎగరేసి ఇంకొకటి పట్టుకునేది. చేతిలో పట్టనివి నోట్లో దాచుకునేది.

శ్రుతి చురుకైన పిల్ల. మా హోటలు బెంచీ మీద కూర్చుని నిన్న ఎవరు ఏమి తిన్నారో, ఎవరు చట్నీ రెండోసారి అడిగారో అప్పజెప్పేది. నేను మరిచిపోయిన సంగతులు దాన్నే అడిగేదాన్ని. అలాంటి పిల్ల ఐదేళ్ళు నిండాక వాడిపోవడం మొదలుపెట్టింది. కడుపునొప్పి అని ముడుచుకుని పడుకునేది. అన్నం చూస్తే మొహం తిప్పుకునేది. మొహంలో రక్తం లేదు. బడిలో నేర్చిన అక్షరాలు ఒకటొకటిగా పోయాయి. నా పేరు కూడా ఒక పూట గుర్తుండేది, ఒక పూట ఉండేది కాదు.

డాక్టర్లకు చూపించారు. నులిపురుగులకు మందిచ్చారు, రక్తానికి టానిక్కు ఇచ్చారు. నాలుగు రోజులు నెమ్మదించినట్టు ఉండి మళ్ళీ మొదలయ్యేది. వసంతమ్మకు మొదటి నుంచీ వేరే అనుమానం ఉంది. పిల్లకు ఏదో సోకిందని, మంత్రం వేయించాలని మొగుడిని పోరేది. ముద్దుకృష్ణ ఒప్పుకునేవాడు కాదు. దయ్యాలకు పనేమీ లేదా, లారీ స్టాండుకు వచ్చి చంటిపిల్లల్ని పట్టుకుంటాయా అని నవ్వేసేవాడు. నవ్వేవాడే గానీ, పిల్ల పక్కన కూర్చున్నప్పుడు అతని మొహం చూడలేకపోయేదాన్ని. ఆ రోజుల్లోనే అతని చేతుల్లో కూడా బలం తగ్గింది. సీసం గరిట ఎత్తితే మణికట్టు వాలిపోయేది. పని ఎక్కువైందిలే అనుకున్నాడు.

రెండువేల రెండో మూడో, కరువు ఏళ్ళే, తిరుపతిలో కెమిస్ట్రీలో పెద్ద చదువు చదివే ప్రవీణ్ అనే అబ్బాయి మా హోటలుకు వచ్చాడు. మిద్దె మీద ఒక యంత్రం పెట్టుకోనిమ్మని అడిగాడు. రేకు గొడుగు కప్పిన పెట్టె అది, గర్రుమంటూ ఊళ్ళో గాలినంతా లోపలికి పీల్చేది. పెట్టెలో తెల్ల కాగితం ఒకటి పరిచేవాడు. మరునాటికి అది ముసురు మబ్బు రంగుకు తిరిగేది. మా ఊరి గాలికి ఫోటో తీస్తున్నాడని డ్రైవర్లు ఎగతాళి చేశారు. అతనూ నవ్వి ఊరుకునేవాడు. కాగితాలను జాగ్రత్తగా మడిచి తీసుకుపోయి, వాటికి ఏమేమి అంటుకుందో లెక్క తేల్చడం అతని చదువు.

కొన్ని నెలల తర్వాత నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. కాగితం మీద ఎక్కువ భాగం మట్టే. రోడ్ల మట్టి, కంకర మిల్లుల రాతిపొడి. తర్వాత డీజిలు మసి. ఆ తర్వాత గంధకపు ఉప్పు. దాన్ని ఎవరూ గాలిలో చల్లరు, పొగలోని ఆవిరే గాలిలో కలిసి తనంతట తాను ఉప్పుగా మారుతుందట. టైర్లు అరిగి రాలిన జింకు కొంచెం. నా ఇడ్లీల మీద రోజూ ఇవన్నీ పడుతున్నాయని తెలిసి నాకు అతని మీదే కోపం వచ్చింది, తెలియకపోతే నిమ్మళంగా ఉండేదాన్ని కదా. అన్నిటికంటే తక్కువ ఉన్నదే అన్నిటికంటే చెడ్డదని చివర్లో చెప్పాడు. అది సీసం. పెట్రోల్లో సీసం కలపడం మానేశారు కాబట్టి అసలు తగ్గిపోవాలి. ఇక్కడ తగ్గలేదు. రోడ్డు అవతలి నుంచి గాలి వీచిన రోజు ఇంకా పెరుగుతోంది. అలా అని రోడ్డు అవతలికి చూశాడు. అప్పుడే శ్రుతి గడపలో కూర్చుని పూసలు నోట్లో వేసుకుంటోంది.

ప్రవీణ్ అప్పటికప్పుడు లేచి రోడ్డు దాటాడు. ముద్దుకృష్ణ ఆ రోజు తారు కోసం పుంగనూరు పోయాడు, వసంతమ్మ ఒక్కతే ఉంది. వాయు కాలుష్యం లాంటి పుస్తకాల మాటలు చెబితే ఆమెకు అర్థం కావని అనుకున్నాడట. తనకు తెలిసిన తేలిక మాట వెతుక్కున్నాడు.

"అమ్మా, పాప జబ్బు ఈ గాలీ ధూళీ వల్లే వచ్చిందని నా అనుమానం. ఈ ఇంట్లో ఉండకండి. పరీక్షకు నేను ఏర్పాటు చేసి వస్తాను" అన్నాడు. ఆ సాయంత్రమే తిరుపతి బస్సెక్కాడు.

గాలీ ధూళీ అంటే మా సీమలో ఏమిటో అతనికి తెలియక కాదు. వాళ్ళ నాయనమ్మ కూడా ఆ మాట అనే ఉంటుంది. చచ్చినవాళ్ళ ఊపిరి తిరిగి తిరిగి బతికున్నవాళ్ళను పట్టుకుంటే గాలీ ధూళీ సోకిందంటాం. కాగితాల మీద నిజం గాలినీ నిజం ధూళినీ చూసి చూసి ఆ పిల్లవాడు రెండో అర్థం మరిచిపోయాడు. వసంతమ్మకు ఆ రెండో అర్థం తప్ప ఇంకొకటి లేదు. అంత చదువుకున్నవాడు ఇల్లు చూసి, పిల్లను చూసి, గాలీ ధూళీ అన్నాడు. ఆమెకు భయం కాదు, నిమ్మళం కలిగింది. ఇన్నాళ్ళకు ఒకరు తన మాట నమ్మారు.

మొగుడు రాగానే చెప్పింది. చదువుకున్న మనిషే అన్నాడంటే ముద్దుకృష్ణ కాదనలేకపోయాడు. మందులతో విసిగిపోయి ఉన్నాడు, దేన్నైనా పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. మరునాడే గుర్రంకొండ వైపు ఒక పల్లెలో మంత్రం వేసే మనిషి దగ్గరికి పిల్లను ఎత్తుకుపోయారు. వాళ్ళు తిరిగి వచ్చాకే నాకు ఈ సంగతి తెలిసింది.

లారీ కింద పడి పోయిన ఒక డ్రైవరు గాలి పిల్లను పట్టిందని ఆ మంత్రగాడు చెప్పాడట. అంగడి ముందు దోవలు కలిసే చోట మట్టి తీసి, ఉప్పూ మిరపకాయలతో కలిపి నిప్పుల్లో వేసి, ఆ పొగ పిల్లకు పట్టమన్నాడు. తాయెత్తుకు సీసపు రేకు కావాలన్నాడు, రేకు మీద యంత్రం గీసి ఇస్తానన్నాడు. ఆ మాట విన్నాక ముద్దుకృష్ణ మొహం తేటపడిందని వసంతమ్మ తర్వాత నాతో చెప్పి ఏడ్చింది. అన్ని నెలలూ కూతురి పక్కన ఊరికే కూర్చున్న మనిషి. ఇప్పుడు అతని చేతి పనితోనే కూతురు బాగుపడుతుందన్నారు. ఇంటికి వచ్చి ఉన్నవాటిలో మంచి సీసం ఏరి కరిగించాడు. వాలిపోయే మణికట్టును రెండో చేత్తో పట్టుకుని, సుత్తితో కొట్టి కొట్టి కాగితమంత పలచగా సాగదీశాడు. మళ్ళీ పోయి యంత్రం గీయించుకుని వచ్చారు. రేకును చుట్టి, నల్లదారం ఎక్కించి, వసంతమ్మ పిల్ల మెడలో కట్టింది.

ఆ పిల్లకు నోట్లో ఏదో ఒకటి ఉండాలి. మెడలో కట్టింది నోటికి అందేంత పొడుగుంది. పగలంతా దాన్ని చప్పరిస్తూ కూర్చుంది. సీసం తియ్యగా ఉంటుందట, నాకు తర్వాత చెప్పారు.

ప్రవీణ్ పరీక్షకు ఏర్పాటు చేసుకుని తిరిగి వచ్చేసరికి పిల్ల లేచి నిలబడలేని స్థితిలో ఉంది. నేనూ అతనితో పాటు రోడ్డు దాటాను. ఇంకా ఈ ఇంట్లోనే ఉన్నారేమని అడిగాడు. వసంతమ్మ మర్యాదగా తలమీది కొంగు సర్దుకుంది.

"మీరు సెప్పినట్టే సేసినాము గదప్పా. మంత్రం ఏయించినాము. తాయెత్తు కూడా కట్టినాము సూడు" అంది.

ప్రవీణ్ వంగి పిల్ల నోట్లోంచి తాయెత్తు తీసి వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. ఇది దేంతో చేశారని అడిగాడు. ముద్దుకృష్ణ తనే కొట్టానని, దీంట్లో మలినం ఏమీ లేదని చెప్పాడు. ఆ అబ్బాయి మొహంలో రంగు పోయింది. గూట్లో ఉన్న దుమ్మును వేలితో తుడిచి ఆ వేలు వాళ్ళకు చూపించాడు.

"నేను చెప్పింది ఆ గాలి కాదమ్మా. ఇది. ఈ దుమ్ము" అన్నాడు.

వసంతమ్మ పిల్ల మెడ మీదికి వంగింది. తాయెత్తు దారం ముడి రాకపోతే పళ్ళతో కొరికి తెంపింది. ఆ మధ్యాహ్నమే పిల్లకు ఫిట్స్ వచ్చాయి. కళ్ళు పైకి పోయి, నురగ వచ్చి, ఒళ్ళంతా కొయ్యబారింది. టమోటాలు దించి వెనక్కి పోతున్న ఒక వ్యాను ఆపి, ఖాళీ బుట్టల మధ్య పిల్లను పడుకోబెట్టుకుని, ప్రవీణ్ పరీక్షకు ఏర్పాటు చేసిన వేలూరు ఆసుపత్రికి పోయాము. దోవ పొడుగునా వసంతమ్మ దేవుడిని తలచుకోలేదు. పిల్ల నోట్లో వేలు పెట్టి నాలుక కొరుక్కోకుండా పట్టుకుని కూర్చుంది. ఆమె వేలు తెగి రక్తం కారుతున్నా తీయలేదు.

ఆసుపత్రిలో పాప రక్తంలో సీసం ఉందన్నారు. ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు. ముద్దుకృష్ణ డాక్టరును ఒకే ప్రశ్న అడిగాడు. సీసం తన పని, తన చేతుల్లో ఉండాల్సింది, అది పిల్ల నెత్తురులోకి ఎలా పోయిందని. డాక్టరు ఓపికగా చెప్పింది. పొగలో కొంత, దుమ్ములో కొంత, పూసల్లో కొంత, నాన్న చొక్కాకు అంటి కొంత, చివరికి ఆ తాయెత్తులో కొంత. పెద్దవాళ్ళ ఒంట్లో పోతే చేతులు వాలతాయి, పిల్లల ఒంట్లో పోతే బుర్ర దెబ్బతింటుంది. సీసాన్ని పట్టి బయటికి లాగే మందు ఉంది, ఇస్తాము, ప్రాణానికి భయం లేదు, పోయిన తెలివి ఎంత తిరిగి వస్తుందో మాత్రం చెప్పలేము అంది.

"నా సేత్తో కట్టినానక్కా" అని వసంతమ్మ వరండాలో నా భుజం మీద పడి ఏడ్చింది. ముద్దుకృష్ణ ఏడవలేదు. కుళాయి దగ్గరికి పోయి సబ్బు అరిగిపోయేదాకా చేతులు కడుక్కున్నాడు. దేవుడి మీద నాకు పెద్ద నమ్మకం ఎప్పుడూ లేదు, ఆ రోజు మాత్రం ఉంటే బాగుండేదనిపించింది, తిట్టడానికైనా ఒకరు ఉండేవారు.

అంగడి మూసేశారు. గుడుపల్లెలో వసంతమ్మ పుట్టింటి దగ్గర గాలి బాగుంటుందని ముద్దుకృష్ణ తల్లినీ కూతురినీ అక్కడ దించాడు. తనకు వచ్చింది ఒకే పని, అది చేయకూడదు. చేయాలన్నా చేతులు లేవవు. పుంగనూరులో ఒక చింతపండు గోదాములో కాపలాకు కుదిరాడు. సెలవు దొరికినప్పుడల్లా కుప్పం పోయి అక్కడి నుంచి గుడుపల్లె చేరేవాడు. చేరగానే స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకునేదాకా పిల్లను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. గోదాములో సీసం లేదు కదయ్యా అంటే, ఏమోనక్కా అనేవాడు. శ్రుతికి ఒళ్ళు వచ్చింది, బుగ్గలకు రంగు వచ్చింది, బాగా నవ్వేది. మాటలు మాత్రం తిరిగి రాలేదు. ఉన్న నాలుగు మాటలనే అన్ని చోట్లా వాడుకునేది. బడిలో ఒకటో తరగతిలో కూర్చోబెట్టి, ఆ తర్వాత పంపొద్దని చెప్పారు.

ప్రవీణ్ చదువు ముగించి వేరే రాష్ట్రానికి పోయాడు. పోయే ముందు గుడుపల్లె పోయి వసంతమ్మ ముందు నిలబడ్డాడని విన్నాను. ఆమె అన్నం పెట్టి పంపిందట.

మూడేళ్ళకు ఎదుటి అంగడి తలుపులు తెరుచుకున్నాయి. యజమాని దాన్ని దేవేంద్ర అనే కుర్రవాడికి బాడుగకు ఇచ్చాడు. అతనిదీ బ్యాటరీ పనే. వెనక గదిలో కాపురం పెట్టాడు, భార్య మునిలక్ష్మి, పాకే పిల్ల ఒకతె. ఆ పిల్ల అరచేతులు నేలమీద ఆనించి పాకుతుంటే చూసి చేతిలో గరిట అక్కడే పడేశాను. పోయి చెప్పాను. నవ్వి ఊరుకున్నారు. పుంగనూరు పోయే లారీలో ముద్దుకృష్ణకు కబురు పంపాను, వెంటనే వచ్చాడు.

ముద్దుకృష్ణ ఆ కుర్రవాడికి అంతా విడమరిచి చెప్పాడు. పొడి సంగతి, పొగ సంగతి, నెత్తురు పరీక్ష సంగతి. పని మానొద్దు, ఇల్లు మాత్రం ఈడ పెట్టొద్దని బతిమాలాడు. దేవేంద్ర చెడ్డవాడు కాదు, కుర్చీ వేసి కూర్చోబెట్టే విన్నాడు. కానీ ఆ ఇంటి కథ స్టాండులో అందరూ అప్పటికే వేరే రకంగా చెప్పేశారు, మంత్రగాడితో, చచ్చిన డ్రైవరుతో సహా.

"అంతా ఇన్నాములేన్నా. మేము ఈ గాలీ ధూళీ నమ్మేవాళ్ళం కాదు. నేనూ శానా ఏండ్లుగా ఈ పనే సేస్తాండాను, నాకేమైంది?" అన్నాడు.

ముద్దుకృష్ణ లేచి రోడ్డు దాటాడు. మా హోటలుకు వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. నేను దేవేంద్రను తిట్టబోతే వద్దన్నాడు. ఆ వయసులో తనకు చెప్పినా వినేవాడు కాదట. ఉన్నట్టుండి లేచాడు.

"పాపను పిల్సుకొస్తానక్కా" అన్నాడు.

వసంతమ్మ ఒప్పుకోలేదట. నా బిడ్డను పదిమందిలో నిలబెట్టి చూపిస్తావా, అదేమన్నా సర్కసా అని అడిగిందట. అడిగిన మనిషే పొద్దున లేచి పిల్లకు తల దువ్వి, పువ్వులు పెట్టి, కొత్త గౌను తొడిగి తనూ బయలుదేరింది. కుప్పంలో బస్సు ఎక్కినప్పటి నుంచి శ్రుతి కిటికీ వదల్లేదట. మా హోటలు ముందు దిగినప్పుడు నన్ను చూసి నవ్వింది. గుర్తుపట్టి నవ్వలేదు, అందరినీ చూసి నవ్వినట్టే నవ్వింది.

అంగట్లో దేవేంద్ర పలకలు దులుపుతున్నాడు. మునిలక్ష్మి గడప దగ్గర కూర్చుని ఉంది, చంటిది నేలమీద ఉంది. ముద్దుకృష్ణ కూతుర్ని వాళ్ళ ముందు నిలబెట్టాడు. వసంతమ్మ లోపలికి రాలేదు, రోడ్డు వైపు తిరిగి నిలబడింది.

"నీ పేరేందమ్మా?" అని అడిగాడు ముద్దుకృష్ణ.

పిల్ల ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, నుదురు ముడుచుకుని. "నాయన" అంది.

"మనది ఏ ఊరు?"

"నాయన."

వాలిన చేతిని పైకెత్తడానికి రెండో చేత్తో పట్టుకుని, రెండు వేళ్ళు చూపించాడు. ఇవి ఎన్ని అని అడిగాడు. ఆ వేళ్ళను పిల్ల తన గుప్పిట్లో పట్టుకుంది. "నాయన" అంది మళ్ళీ, ఈసారి గట్టిగా. తొమ్మిదేళ్ళ పిల్ల అని ముద్దుకృష్ణ వాళ్ళకు చెప్పాడు.

దేవేంద్ర చేతిలో బ్రష్షు ఆగిపోయింది. మునిలక్ష్మి నేలమీది బిడ్డను లాక్కుని, కొంగుతో దాని అరచేతులు తుడవసాగింది, ఒకటి తుడిచి రెండోది, మళ్ళీ మొదటిది. తుడుస్తూనే లేచి రోడ్డు మీదికి వచ్చేసింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని మా హోటల్లోకి తీసుకుపోయాను, వెనకాలే దేవేంద్ర వచ్చాడు. ఆ సాయంత్రానికి వాళ్ళ సామాను కూడా అక్కడికే వచ్చింది.

మునిలక్ష్మిని లోపల కూర్చోబెట్టి నేను వెనక్కి వచ్చేసరికి, అంగట్లో తండ్రీ కూతురూ ఇంకా అలాగే నిలబడి ఉన్నారు. అందరూ ఎందుకు వెళ్ళిపోయారో శ్రుతికి తెలియదు. తను చెప్పింది సరిపోయిందా లేదా అన్నట్టు తండ్రి మొహంలోకి చూసింది.

"బాగా సెప్పినావమ్మా" అన్నాడు ముద్దుకృష్ణ.

పిల్ల సంతోషంగా, ఇంకో ప్రశ్న కోసం ఎదురుచూస్తూ నిలబడింది.